నీడలో చూడవలసిన గాలి

మా మోటారు బళ్ళ క్లబ్బు నోటీసు బోర్డు మీద పోటీ ఫలితాల కాగితం అంటించి ఇరవై రోజులైంది. అందులో నా మేనకోడలి పేరుకు ఎదురుగా ఒకటే లైను. ‘మూడో సెక్షన్‌లో ముందు చక్రం పంక్చర్. కారణం: గాలి విషయంలో రైడర్ అశ్రద్ధ.’

అశ్రద్ధట! ఆ ముక్క రాసిన కార్యదర్శిని తన సొంత బండిలో గాలి ఎంత ఉందో చెప్పమనండి. పెట్రోలు బంకులో పైపు పట్టుకున్నవాడు ఎంత కొడితే అంతతో పోయే మనిషి ఆయన. తొమ్మిదేళ్ళపాటు ఆ పిల్ల రాళ్ళ మీద పడి లేచి, మోచేతులు చెక్కుకుపోయి, అర పౌను గాలి కోసం కొట్లాడి నేర్చుకున్న విద్యను ఒక్క మాటతో తుడిచేశాడు. పైగా ఆ కాగితం వానకు తడవకూడదని మీద ప్లాస్టిక్ కవరు కూడా తొడిగించాడు. అంత శ్రద్ధ ఆయనకి!

ఆ అశ్రద్ధ ఎవరిదో నాకు తెలుసు. రాస్తాను. కాని నాకు ఏదైనా వరసగా చెప్పడం అలవాటు. టైరు విప్పేటప్పుడు ముందు గాలి, తర్వాత అంచు, ఆ తర్వాతే ట్యూబు. వచ్చీరాగానే ట్యూబు పట్టుకుని లాగేవాడు పనివాడు కాదు.

నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఐదు తరగతుల్లోనూ లెక్కల్లో మొదటివాణ్ణి. నలభై ఆరేళ్ళుగా టైర్ల షాపు నడుపుతున్నాను. నా దగ్గర పని నేర్చుకుని సొంత షాపులు పెట్టుకున్నవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. ఒకే ట్యూబుకు పదకొండు ప్యాచ్‌లు వేసి మూడేళ్ళు తిప్పించాను. ఆ ట్యూబు ఇప్పటికీ మా షాపు గోడకు వేలాడుతోంది, నమ్మనివాళ్ళు వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. జోరువానలో, యాభై మంది ఎక్కి కూర్చున్న బస్సుకి, వెనక జోడు చక్రాల్లో లోపలి టైరును ఒక్కణ్ణే ముప్పై ఐదు నిమిషాల్లో మార్చాను. ట్యూబును చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, నీళ్ళ తొట్టితో పని లేకుండా గాలి ఎటునుంచి పోతోందో చెబుతాను. టైరును బొటనవేలితో నొక్కి ఎన్ని పౌన్ల గాలి ఉందో చెబుతాను. ఇద్దరు ఇంజనీర్లు పరీక్ష పెట్టి, మీటరు చూసుకుని, దండం పెట్టి వెళ్ళారు.

ఇవన్నీ గొప్పకు చెప్పుకోవడం లేదు. ఆ వేలు ఏం చేసిందో తర్వాత చెప్పాలి కాబట్టి, అది ఎలాంటి వేలో ముందు తెలియాలి.

ఇక నా మేనకోడలు. నా చెల్లెలి ఒక్కగానొక్క కూతురు. నగర నీళ్ళ శాఖలో పని. పదిహేడు వీధులకు నీళ్ళు వదలడం, కట్టేయడం ఆమె చేతుల్లో ఉంటుంది. పొద్దున్నే భుజాన పొడుగాటి ఇనప కడ్డీ వేసుకుని వెళ్ళి, రోడ్డు మీద ఇనప మూత తీసి, గుంటలోకి కడ్డీ దింపి వాల్వు తిప్పుతుంది. ఎక్కువ తిప్పితే పల్లపు వీధిలో పాత పైపు పగులుతుంది, తక్కువ తిప్పితే మెరక వీధిలో మూడో అంతస్తు వాళ్ళు బకెట్లతో కిందికి దిగి తిడతారు. ఎటు చూసినా తిట్లే. అందుకని ఆమె చేతికి పావు తిప్పు, అర తిప్పు, వీసం తిప్పు బాగా తెలుసు. నేను ఆమెను పావుతిప్పు అని పిలుస్తాను. మనిషి నలభై ఐదు కిలోలు ఉంటుంది, కడ్డీతో కలిపి తూస్తే యాభై మూడు.

ఇరవై రెండేళ్ళ వయసులో, ఊరి చివర వదిలేసిన రాళ్ళ క్వారీలో క్లబ్బువాళ్ళ ట్రయల్స్ సాధన చూసి వచ్చింది. ట్రయల్స్ అంటే చాలామంది రేసు అనుకుంటారు. కాదు. అందులో వేగంతో పని లేదు. బండరాళ్ళు, వాగు, జారుడు మట్టి, నిలువు గట్టు, వీటి మధ్య తాళ్ళు కట్టి దారి గీస్తారు. ఆ ముక్కను సెక్షన్ అంటారు. దాన్ని బండి మీద నిలబడి, కాలు కింద పెట్టకుండా దాటాలి. కాలు ఒకసారి పెడితే ఒక తప్పు. బండి పడినా, ఆగి వెనక్కి జారినా ఐదు తప్పులు. ఎవరి తప్పులు తక్కువో వాళ్ళే పైన. బండికి సీటు కూడా ఉండదు, ఎందుకంటే కూర్చునే పనే లేదు.

అలాంటి సీటు లేని బండి పాతది ఒకటి చూసి కొనుక్కుని ఇంటికి తెచ్చిన రోజున మా చెల్లెలు నెత్తి కొట్టుకుంది.

“అన్నయ్యా, చూశావా దీని తెలివి? లోకంలో ఎవరైనా సీటు లేని బండి కొంటారా? రేపు పెళ్ళయితే మొగుణ్ణి ఎక్కడ కూర్చోబెడుతుంది?”

“నడిచి రమ్మంటాను,” అంది పావుతిప్పు. “నేను వెళ్ళే వేగానికి ఆయన ముందే చేరతాడు.”

మర్నాడు బండిని నా షాపుకు తోలుకొచ్చింది.

“మావయ్యా, చక్రాల్లో గాలి చూడు.”

“ఎంత కొట్టమంటావ్?”

“కొట్టడం కాదు. తియ్. వెనక నాలుగు పౌన్లు ఉంచు చాలు.”

నేను నవ్వాను. “నాలుగు పౌన్లా? అది గాలి కాదే పిల్లా, నిట్టూర్పు.”

“అయితే ఆ నిట్టూర్పే ఉంచు.”

“నా షాపు నుంచి మెత్తటి టైరుతో బండి బయటికి వెళ్ళదు. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? వీడికి కంప్రెసర్ పాడైందనుకుంటారు!”

పదిహేను కొట్టి పంపాను. బండి తోలుకుని వెళ్ళిపోయింది. ఆదివారం నన్ను క్వారీకి లాక్కెళ్ళింది. అక్కడ తడిసిన నల్లరాతి ఏటవాలు ఒకటి ఉంది. పదిహేను పౌన్లతో మూడుసార్లు ఎక్కబోయింది, మూడుసార్లూ చక్రం గిర్రున తిరిగి బండి కిందికి జారింది. అప్పుడు నా ఎదురుగానే వాల్వు నొక్కి గాలి తీసేసింది. నాలుగోసారి టైరు రాయిని అరచేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంది. సద్దు లేకుండా ఎక్కి, పైన నిలబడి నన్ను చూసింది.

నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నలభై ఏళ్ళకు దగ్గరగా గాలి కొట్టి బతికినవాడికి, గాలి తీయడం కూడా ఒక విద్యేనని నిన్నగాక మొన్న బండి కొన్న పిల్ల చెప్పింది. కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ కోపంతోనే నేర్చుకున్నాను. నాకు కోపం వస్తే పని బాగా జరుగుతుంది. ఒక్కసారి మాత్రం జరగలేదు.

మామూలు మీటరు మీద మొదటి గీత పది దగ్గర ఉంటుంది. దాని కింద అంతా తెల్లకాగితమే. నా వేలూ అంతే. లారీ తెలుసు, బస్సు తెలుసు, కాని పది కిందికి వస్తే దానికి అక్షరం ముక్క రాదు. పదిహేను దాకానే కొలిచే చిన్న మీటరు ఒకటి తెప్పించాను. షాపు మూసే ముందు రోజూ గంటసేపు ముందు వేలితో నొక్కి చెప్పడం, తర్వాత మీటరు పెట్టి చూసుకోవడం. రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత నాలుగుకీ నాలుగున్నరకీ తేడా కళ్ళు మూసుకుని చెప్పాను. ఈ వయసులో కొత్తగా విద్య నేర్చిన వేలు ఎంతమందికి ఉందో చూపించమనండి.

గాలి ఎంత ఉంచాలన్నది బండిని బట్టి కాదు, మనిషిని బట్టి, రాయిని బట్టి. మా క్లబ్బులో తొంభై కిలోల బేకరీ ఆయన ఉన్నాడు, ఆయనకు ముందు చక్రంలో ఏడు కావాలి. పావుతిప్పుకి ముందు ఐదున్నర, వెనక నాలుగు. ఒక పౌను ఎక్కువైతే టైరు రాయి మీద బంతిలా ఎగురుతుంది, పట్టు పోతుంది. ఒక పౌను తక్కువైతే టైరు పూర్తిగా నలిగి, ఇనప రిమ్ము పోయి రాతికి తగులుతుంది. ఆ రెండింటి మధ్య ట్యూబు పడితే అడకత్తెరలో పడ్డట్టే. పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కోరలు దిగినట్టు. మేము దాన్ని పాము కాటు అంటాం. మేకు గుచ్చితే ఒకటే చిల్లు. పాము కాటు అయితే రెండు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

వెనక చక్రానికి ట్యూబు లేదు కాబట్టి ఆ గొడవ లేదు. భయమంతా ముందు చక్రానికే. దానికి మేము చేయని జాగ్రత్త లేదు. రిమ్ము లోపల చువ్వల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా రబ్బరు పట్టీ చుట్టాను. ట్యూబు టైరులో నలగకుండా పౌడరు రాశాను. మెత్తటి గాలికి టైరు రిమ్ము మీద జారకుండా పట్టి ఉంచే బోల్టు బిగించాను. వాల్వు నట్టును మాత్రం రిమ్ముకు బిగించకుండా పైకి వదిలేశాను. ట్యూబు లోపల జరిగితే వాల్వు పక్కకి వాలుతుంది, చూడగానే తెలుస్తుంది. ఆమె ప్రతి సెక్షన్ దాటాక దిగి వాల్వు నిటారుగా ఉందా లేదా చూసుకునేది. అన్నిటికంటే ముఖ్యమైనది నేను చెప్పింది కాదు, తనే పట్టుకుంది. రాయి అంచుకు చక్రం తగిలే ముందే ముందు చక్రం మీద బరువు తీసెయ్యాలి, అక్కడ బ్రేకు పట్టకూడదు. “రాయిని గుద్దకూడదు మావయ్యా, రాయి మీద అడుగు పెట్టాలి,” అనేది. తొమ్మిదేళ్ళలో పోటీలో ఒక్క పంక్చర్ కూడా కాలేదు. ఈ మనిషినండీ కార్యదర్శి అశ్రద్ధ అన్నది!

ఇంత చేసినందుకు నేను ఒకే ఒక్క హక్కు అడిగాను. పోటీకి బయలుదేరే ముందు టైరు మీద ఆఖరి చేయి నాది. ఆమె సరేనంది. తొమ్మిదేళ్ళూ అలాగే జరిగింది.

ఇక ఆ రోజు సంగతి.

క్లబ్బు తరఫున పెద్ద పోటీలకు ముగ్గురు సభ్యుల జట్టు వెళుతుంది. ఆ ముగ్గుర్నీ ఎంచే పోటీ అది. ముప్పై రెండు దాటినవాళ్ళను జట్టులోకి కొత్తగా తీసుకోరు. పావుతిప్పుకి ముప్పై రెండు నిండటానికి నాలుగు నెలలుంది. అంతకు ముందు రెండుసార్లు నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఇది పోతే ఇక లేదు. మా చెల్లెలు కూడా ఆ రోజు సీటు మాట ఎత్తకుండా, “పడకుండా రావే,” అని పంపింది.

పొద్దున్న ఆరున్నరకు చల్లటి వేళ గాలి చూశాను. ముందు ఐదున్నర, వెనక నాలుగు. ఎనిమిదికి బళ్ళన్నిటినీ తాళ్ళు కట్టిన దొడ్లోకి తోలించారు. పోటీ మొదలయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. దొడ్డి మొత్తం ఎండలో ఉంది. పక్కనే ముఖ్య అతిథి కోసం కొత్తగా వేసిన పందిరి, కింద చల్లటి నీడ, ఖాళీ కుర్చీలు. తొమ్మిదికి రావలసిన అతిథి తొమ్మిదిన్నరకీ లేడు. నేను కార్యదర్శి దగ్గరకు వెళ్ళాను.

“అయ్యా, బళ్ళు మాడిపోతున్నాయి. పందిరి కిందకి జరిపించండి. రబ్బరు పాడవుతుంది.”

“పందిరి అతిథిగారి కోసం పెద్దాయనా.”

“ఆయన వచ్చాక తీయిద్దురుగాని. కుర్చీలేమీ పోటీ చేయడం లేదుగా?”

“ఎండైతే ఏమైంది? టైర్లకి వడదెబ్బ తగులుతుందా? గాలికి జ్వరం వస్తుందా ఏంటి?” అని పెద్దగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

గాలికి నిజంగానే జ్వరం వస్తుంది. ఆయనకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు, కాని నలుగురిలో నవ్వులపాలైన మంటలో ఆ క్షణం మర్చిపోయాను.

అతిథి పదింటికి వచ్చి, పందిరి కింద నిలబడి, వేగం ఎంత ప్రమాదమో ఇరవై నిమిషాలు చెప్పాడు. నడక కంటే మెల్లగా నడిపే బళ్ళ పోటీలో వేగం మీద ఉపన్యాసం! పదిన్నరకు దొడ్డి తాళ్ళు విప్పి ఐదు నిమిషాలు ఇచ్చారు. నేను పరిగెత్తుకెళ్ళి ముందు చక్రానికి మీటరు పెట్టాను. ఏడు!

“ఎవడో గాలి కొట్టాడు!” అని అరిచాను. “నేను ఐదున్నర పెట్టాను. నేను పందిరి అడిగానని కక్షతో ఎవడిచేతో కొట్టించాడు!”

“ఎవరూ కొట్టలేదు మావయ్యా,” అంది పావుతిప్పు, గ్లవుజులు తొడుక్కుంటూ. “ఎండ. వదిలెయ్. వాగులో దిగితే అదే దిగుతుంది.”

“ఏడు పౌన్లతో రాళ్ళెక్కుతావా?”

“మొదటి రెండూ గరుకు రాళ్ళు, లాగేస్తాను. మూడోది వాగు. మా పైపుల మీటరు కూడా ఎండలో ఇలాగే అబద్ధం చెబుతుంది. ముట్టుకోకు.”

“పైపుల సంగతి నీకు తెలిస్తే టైర్ల సంగతి నాకు తెలుసు! నలభై ఆరేళ్ళు! నడివానలో బస్సు టైరు మార్చినవాణ్ణి, నాకు చెబుతావా? ఆఖరి చేయి ఎవరిది?”

విజిల్ వేశారు. నేను వాల్వు నొక్కాను. స్‌స్‌మని గాలి పోయింది. సరిగ్గా ఐదున్నర దగ్గర ఆపాను, వేలితో కూడా చూసుకున్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి హెల్మెట్ పెట్టుకుంది.

మొదటి సెక్షన్ తప్పు లేకుండా దాటింది. రెండోది ఒక తప్పు. మూడోది కొండ నీడలో ఉన్న వాగు. ముందున్నవాళ్ళు ఆలస్యం చేయడంతో పావుగంటసేపు నీళ్ళలోనే చక్రాలు పెట్టుకుని నిలబడాల్సి వచ్చింది. నీళ్ళు ఐసులా ఉన్నాయి. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఆమె వంతు వచ్చింది. వాగు మధ్యలో మోకాలెత్తు రాతి మెట్టు. ముందు చక్రం లేపింది, అంచు మీద పెట్టింది. టక్కుమంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. రబ్బరు చేసే చప్పుడు కాదు అది. ఇనుము రాయికి తగిలిన చప్పుడు. చక్రం చదునైపోయింది, బండి పక్కకు వాలి వెనక్కి జారింది. ఐదు తప్పులు.

పదకొండు నిమిషాల్లో కొత్త ట్యూబు వేశాను. ఆ గట్టు మీద, ఆ బురదలో అంత త్వరగా వేసేవాడు ఇంకొకడు లేడు. పాత ట్యూబు బయటికి తీసినప్పుడే చూశాను, పక్కపక్కనే రెండు చిల్లులు. మడిచి జేబులో పెట్టుకున్నాను. పావుతిప్పు మిగతా ఏడు సెక్షన్లు పిచ్చిపట్టినట్టు నడిపింది. సాయంత్రం లెక్క చదివారు. మూడో స్థానం కంటే రెండు తప్పులు ఎక్కువ. నాలుగోది.

సామాన్లు సర్దుకోవడానికి దొడ్లోకి వెళ్ళాను. కాలికి ఏదో తగిలింది. పందిరికి కొట్టిన కొత్త మేకు, మెరుస్తూ మట్టిలో పడి ఉంది. పొద్దుటి నుంచి ఉడికిన ఉడుకంతా ఆ మేకు మీదకు వచ్చింది. చేత్తో పట్టుకుని నేరుగా పెద్ద జడ్జి బల్ల దగ్గరకు వెళ్ళాను. ఆయన బస్సు డిపోలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి, నన్ను ఎరుగును.

“చూడండి! మీ దొడ్లో మేకులు! బళ్ళను రెండు గంటలు మేకుల మీద నిలబెట్టారు. అందుకే పంక్చర్!”

కార్యదర్శి మొహం పాలిపోయింది. పందిరి వేయించింది ఆయనే. పెద్ద జడ్జి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“దొడ్లో మేకు గుచ్చుకుని ఉంటే తప్పు నిర్వాహకులది. మూడో సెక్షన్ మళ్ళీ నడిపే అవకాశం ఇవ్వాల్సిందే. ట్యూబు ఉందా?”

ఉంది. జేబులోంచి తీశాను. రెండు చేతుల్తో సాగదీసి పట్టుకుని చూపించాను. ఒక చిల్లు కనపడేలా. రెండోదాని మీద నా బొటనవేలు పెట్టి.

అవును, పెట్టాను. ఇద్దరు ఇంజనీర్లు దండం పెట్టిన వేలే.

పెద్ద జడ్జి వంగి చూశాడు. “ఒకటే చిల్లు. మేకే అయి ఉంటుంది,” అన్నాడు. జన్మలో నాకు అంత సంతోషం కలగలేదు. పావుతిప్పుకి మళ్ళీ అవకాశం. తప్పు లేకుండా దాటితే ఐదు తప్పులు పోయి జట్టులోకి వెళుతుంది.

అప్పుడు నా వెనక నుంచి వినపడింది. మెల్లగానే.

“వేలు తియ్ మావయ్యా.”

నేను వినపడనట్టు నిలబడ్డాను.

“వేలు తియ్.”

“నోరు మూసుకో,” అన్నాను పళ్ళ మధ్య నుంచి. “నీకిది ఆఖరి ఏడాది.”

“నాకు తెలుసు. ఇటివ్వు.”

ట్యూబు నా చేతిలోంచి లాక్కుంది. వాగు దగ్గరకు నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం. చేతి పంపుతో గబగబా గాలి కొట్టి, ట్యూబును నీళ్ళలో ముంచింది. రెండు వరసల బుడగలు వచ్చాయి, పక్కపక్కనే, బుడబుడమని. గుడ్డివాడికి కూడా వినపడేలా.

“పాము కాటు,” అన్నాడు పెద్ద జడ్జి. “గాలి తక్కువై నలిగింది. గాలి ఎవరు చూశారు?”

కార్యదర్శి నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

“బండి నాది. గాలీ నాదే,” అంది పావుతిప్పు.

నేను మాట్లాడలేదు. ఎవరి ముందూ నోరు మూసుకోనని పేరున్నవాణ్ణి, ఆ ఒక్కసారి మూసుకున్నాను. ఆ మౌనంలోంచే పుట్టింది బోర్డు మీది లైను.

తర్వాత ఇరవై రోజులు ఆమె షాపుకు రాలేదు, నేను రమ్మనలేదు. నాకు ఆమె మీద కోపం. చేతికందిన దాన్ని వాగులో ముంచేసిందని. నోటిదాకా వచ్చినదాన్ని నేలపాలు చేసిందని. ఒకరోజు మా చెల్లెలు షాపు గుమ్మంలో నిలబడి దులిపేసింది.

“నీ వేలు నీకు గొప్పే అన్నయ్యా. దాని కింద నా కూతురి పరువు నలిగింది. అది రోజూ పొద్దున్నే వీధుల్లోకి వెళుతోంది. ప్రతి ఇంటివాళ్ళూ అడుగుతున్నారు, గాలి చూసుకోలేదటగా అని. పళ్ళు బిగించుకుని వాల్వులు తిప్పుతోంది. నీ పేరు ఒక్కసారైనా చెప్పిందేమో కనుక్కో!”

“నా పేరు ఎందుకు చెబుతుంది? నేనేం చేశాను?” అని అరిచాను.

ఆమె వెళ్ళాక నేనేం చేశానో రుజువు చేద్దామని కూర్చున్నాను. అదే టైరు, అదే కొలత ట్యూబు ఉన్న చక్రం ఒకటి సిద్ధం చేశాను. నీడలో ఐదున్నర పెట్టాను. షాపు ముందు ఎండలో రెండు గంటలు నిలబెట్టాను. మీటరు ఏడు చూపించింది. ఎవడూ కొట్టకుండానే! గాలి తీసి ఐదున్నరకు తెచ్చాను. చక్రాన్ని చల్లటి నీళ్ళ తొట్టిలో పావుగంట ఉంచాను. మీటరు పెట్టాను. నాలుగు.

ఒప్పుకోలేక మర్నాడు మళ్ళీ చేశాను. నాలుగు. మీటరు మార్చి మూడోసారి చేశాను. నాలుగే. ఏడుతో వదిలేసి ఉంటే వాగులో ఐదున్నరకు అదే దిగేది, ఆమె చెప్పినట్టే. నాలుగు పౌన్ల ముందు చక్రంతో ఆమెను రాతి మెట్టు మీదకు పంపింది నేను. మిగతావాళ్ళు బద్ధకించి అసలు మీటరే పెట్టలేదు. వాళ్ళ బద్ధకం వాళ్ళను కాపాడింది, నా శ్రద్ధ మా పిల్లను ముంచింది. మీటరును గోడకేసి కొట్టాను. పగల్లేదు. గట్టి మీటరు, నేను ఏరి తెప్పించినది.

ఆ సాయంత్రమే కార్యదర్శి దగ్గరకు వెళ్ళి బోర్డు మీది లైను మార్చమన్నాను. గాలి తీసింది నేనని, ఆమె వద్దందని, బళ్ళను ఎండలో పెట్టింది ఆయనని చెప్పాను.

“అయిపోయిందిగా పెద్దాయనా. ఫలితం మారదు కదా?”

“ఫలితం మార్చమనలేదు. మాట మార్చమన్నాను.”

“సరే, బోర్డు మీద జాగా లేదు. ఒక లైనులో రాసివ్వండి, చూద్దాం.”

ఒక లైనా! అతిథి ఉపన్యాసానికి ఇరవై నిమిషాలు, తొమ్మిదేళ్ళ మనిషికి ఒక లైను. నేను ఐదో తరగతి చదివినవాణ్ణే, కాని కాగితానికి రెండు వైపులా రాయగలను. అందుకే ఇదంతా.

రాసింది నిన్న పావుతిప్పుకి కబురు పెట్టి చదివించాను. కడ్డీ గోడకు ఆనించి, టైర్ల దొంతర మీద కూర్చుని మొత్తం చదివింది. వేలు సంగతి దగ్గర ఆగింది. తర్వాత మళ్ళీ చదివింది.

“బస్సు టైరు మార్చిన సంగతి రెండుసార్లు రాశావు మావయ్యా. ఒకటి తీసెయ్.”

“తీయను.”

“గాలైతే వద్దన్నా తీస్తావు!”

నాకు కోపమొచ్చింది. కాని ఇరవై రోజుల తర్వాత నా షాపులో ఆ గొంతు వినపడింది కాబట్టి ఊరుకున్నాను. జట్టులోకి ఆమెను ఇక తీసుకోరు. అది నేను తిరిగి ఇవ్వలేను, ఎన్ని ప్యాచ్‌లు వేసినా. ఆదివారం క్వారీకి వెళుతున్నానంది. మీటరు ఆమె చేతిలో పెట్టి, ఇక మీద ఆఖరి చేయి నీదేనన్నాను. తీసుకుని జేబులో వేసుకుంది, థాంక్స్ కూడా చెప్పకుండా. వెళ్ళేముందు నా పెన్సిల్ అడిగి కాగితం అడుగున తన చేతిరాతతో ఒక ముక్క రాసింది. ‘ముందు ఐదున్నర. వెనక నాలుగు. నీడలో చూడాలి.’ దాన్ని అలాగే ఉంచాను.

రేపు పొద్దున్నే ఈ కాగితాలు తీసుకెళ్ళి బోర్డు మీద నేనే అంటిస్తాను. ఆ ఒంటి లైను మీదున్న ప్లాస్టిక్ కవరు తీసి వీటికి తొడుగుతాను. కార్యదర్శి అడ్డం వస్తే ఆయనతో మాట్లాడవలసింది చాలా ఉంది. నీడలో కాదు. ఎండలో నిలబెట్టి, రెండు గంటలు.